బురదలో దొరికిన పడవ

టైటానిక్ ఓడ కథ వినని క్రైస్తవ కుటుంబం మనలో అరుదు. ఉజ్జీవ కూటాల్లోను, యౌవనస్థుల కూడికల్లోను ఆ ఓడను ఒకసారైనా ముంచని బోధకుడు లేడంటే అతిశయోక్తి కాదు. "దేవుడు కూడా దీన్ని ముంచలేడు" అని దాని యజమానులు గర్వించారని, అందుకే మునిగిందని చెబుతుంటాం. ఆ మాట ఫలానావారు అన్నారనడానికి గట్టి రుజువు లేదు. అది మునగడం దాదాపు అసాధ్యమని ఆనాటి పత్రికలు రాసిన మాట మాత్రం నిజం. ఏమైతేనేం, 1912 ఏప్రిల్ 15 తెల్లవారుజామున అది మునిగింది. సుమారు 1500 మంది చనిపోయారు. మన ప్రసంగం సాధారణంగా అక్కడితో ముగిసిపోతుంది.

కాని ఆ రాత్రి ప్రాణాలతో బయటపడిన ఓడ అధికారులలో పెద్దవాడు ఆ తర్వాత ఇంకో నలభై ఏళ్లు జీవించాడు. ఆయన చేతుల మీదుగా మరో నావ కథ నడిచింది. అది పెద్ద ఓడ కాదు. మన గోదావరి రేవుల్లో కనిపించే లాంచీకి కాస్త అన్న లాంటిది. పొడవు 58 అడుగులు. ఎవరికీ అక్కరలేక బురదలో పడివున్న దాన్ని ఆయన, ఆయన భార్య కలిసి బాగుచేసుకున్నారు. ఈ నెల ఆ సంగతే మా చదువరులకు చెప్పాలనుకున్నాం.

ఆయన పేరు చార్లెస్ హెర్బర్ట్ లైటోలర్. 1874 మార్చి 30న ఇంగ్లాండు దేశంలోని చోర్లీ పట్టణంలో పుట్టారు. పుట్టిన కొద్దికాలానికే తల్లి చనిపోయింది. పదమూడవ ఏట ఓడ ఎక్కారు. పదిహేనేళ్లకే ఆయన పనిచేస్తున్న ఓడ హిందూ మహాసముద్రంలోని ఒక నిర్జన ద్వీపానికి కొట్టుకొని పగిలిపోయింది. టైటానిక్ నాటికి ఆయన వయస్సు 38. ఆ ఓడలో రెండవ అధికారి.

సగం నిండిన పడవలు

ఆ రాత్రి ప్రాణరక్షక పడవల్లోకి జనాన్ని ఎక్కించే పనిలో ఓడ ఎడమ పక్క భారం లైటోలర్ మీద పడింది. స్త్రీలను, పిల్లలను ఎక్కించాలన్న ఆజ్ఞను ఆయన చాలా కఠినంగా తీసుకున్నారు. పడవ నడిపేవారు తప్ప మగవారెవరినీ ఎక్కనివ్వలేదు. అంతకన్నా బాధ కలిగించే విషయం ఇంకొకటి ఉంది. 65 మంది పట్టే పడవల్లో కొన్ని సగం కూడా నిండకుండానే కిందికి దిగాయి. ఎందుకలా చేశారని తర్వాత విచారణలో ఆయన్ని అడిగారు. అంత ఎత్తున తాళ్లకు వేలాడే పడవలో పూర్తిగా జనాన్ని నింపితే పడవగాని, దాన్ని దించే సామగ్రిగాని ఆ బరువు మోస్తుందో లేదో నమ్మకం కలుగలేదని, నీళ్లలోకి దిగాక ఓడ పక్క తలుపుల్లోంచి మిగతావారిని ఎక్కించవచ్చని అనుకున్నానని ఆయన చెప్పారు. ఆ అవకాశం మరి రాలేదు. నిజానికి ఆ పడవలు కొత్తవి, గట్టివి. నిండా జనాన్ని మోయగలవు. వాటి బలం ఆయనకు తెలియదు, అంతే.

ఓడ మునిగేటప్పుడు ఆయన కూడా నీళ్లలో పడ్డారు. గాలి గొట్టం మీది జల్లెడకు నీటి వేగం ఆయన్ని అదిమిపట్టింది. లోపలి నుంచి వేడిగాలి ఒక్కసారి తన్నుకొచ్చి ఆయన్ని పైకి నెట్టింది. ఆ క్షణంలో 91వ కీర్తనలో దేవదూతల కాపుదలను గూర్చిన మాట తనకు జ్ఞాపకం వచ్చిందని తర్వాత ఆయనే రాశారు. (ఆయన మన సంఘాల బోధలో ఉన్నవారు కారు. క్రిస్టియన్ సైన్స్ అనే వేరొక బోధను అనుసరించారు. ఆ బోధతో మాకు ఏకీభావం లేదు. అయినా కీర్తన కీర్తనే.)

బోర్లాపడిన ఒక పడవ అడుగుభాగం మీదికి ఎక్కి, అక్కడున్న సుమారు ముప్పైమంది మగవారిని ఆయన రెండు వరసలుగా నిలబెట్టారు. అల వచ్చినప్పుడల్లా "ఎడమకు ఒరగండి, కుడికి ఒరగండి" అని ఆజ్ఞ ఇస్తూ తెల్లవారేవరకు ఆ పడవ తిరగబడకుండా నిలిపారు. ఈ సంగతిని చదువరులు కాస్త గుర్తుంచుకోవాలి. మళ్లీ అవసరం వస్తుంది.

మూలన పడ్డ నావికుడు

ఇంత చేసినా ఆయనకు ఆ ఓడల కంపెనీలో పెద్ద పదవి రాలేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో నౌకాదళంలో పనిచేసి పతకం పొంది వచ్చినా, తిరిగి కంపెనీ ఓడకు కెప్టెన్ కాలేకపోయారు. టైటానిక్ మీద పనిచేసిన అధికారులలో ఎవరికీ ఆ కంపెనీలో సొంతంగా ఓడ దక్కలేదు. చివరికి విసిగి ఉద్యోగం మానేశారు. ఆ తర్వాత బాటసారుల సత్రంలాంటిది నడిపారు, కోళ్లు పెంచారు, ఇళ్ల స్థలాల వ్యాపారం చేశారు. సముద్రం మీద తలపండిన మనిషి కోళ్లకు మేత వేస్తూ ఎలా కాలం గడిపాడో మన ఊళ్లలో పింఛను లేక ఇంటికొచ్చిన పెద్దలను చూసినవారు ఊహించుకోగలరు.

ఆయన భార్య సిల్వియా ఆస్ట్రేలియా దేశస్థురాలు. ఓడ మీదే వారికి పరిచయమైంది. ముగ్గురు కొడుకులు, ఇద్దరు కూతుళ్లు. 1929లో భార్యాభర్తలు కెంట్ జిల్లాలో మెడ్వే నదికి తూర్పున ఉన్న కోన్యర్ క్రీక్ అనే ఉప్పుటేటి బురదలో ఒక పాత పడవ ఒళ్లు పడి ఉండటం చూశారు. అది నౌకాదళం తీసి పారేసిన ఆవిరి లాంచీ. పెద్ద యుద్ధనౌకల వెంట ఉండి, అధికారులను, ఉత్తరాలను రేవుకు చేరవేసే చిన్న పడవ. పేరుకూడా లేదు, ఒక నంబరు ఉంది: 837. దాన్ని తయారుచేసిన సంవత్సరం 1912. టైటానిక్ మునిగిన ఏడే అది పుట్టింది.

వారు దాన్ని కొన్నారు.

చేతిలోకి తీసుకున్నాక

పాత కొయ్య పడవను కొనడం సులువు, బాగుచేయడమే కష్టం. ఏటి ఒడ్డున ఉండే మా చదువరులకు ఈ సంగతి మేము చెప్పనక్కరలేదు గాని, మెరక ప్రాంతాల వారికోసం కొంచెం వివరిస్తాం.

కొయ్యను చెడగొట్టేది సముద్రపు నీళ్లని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. ఉప్పు కొయ్యను కాపాడుతుంది. కుళ్లు పుట్టించే బూజు ఉప్పులో బ్రతకలేదు. పడవను చంపేది వాన నీళ్లు. కప్పు లేని పాత పడవలో వాన నీరు మూలల్లో నిలిచి, గాలి ఆడనిచోట చెమ్మ పట్టి, అక్కడినుంచి కుళ్లు మొదలవుతుంది. బయటికి రంగు బాగానే కనబడుతుంది, లోపల పలక పిండిలా రాలిపోతుంది. బురదలో కూరుకుపోయిన భాగానికి గాలి తగలదు గనుక ఒక్కోసారి అదే బాగుంటుంది. చూడటానికి అసహ్యంగా ఉన్న అడుగు గట్టిగాను, అందంగా కనబడే పైభాగం పుచ్చిపోయి ఉండటమూ పాత పడవల్లో మామూలే. ఉప్పునీటికి ఒక్క శత్రువు ఉంది: కొయ్యను తొలిచే సముద్రపు పురుగు. అది పైకి గుండుసూది బెజ్జమంత కన్నం పెట్టి లోపలంతా తినేస్తుంది.

అందుకని పాత పడవను పరీక్షించేవాడు ముందు రంగు చూడడు. సుత్తి తీసుకొని పలక పలకా కొట్టుకుంటూ పోతాడు. గట్టి కొయ్య ఖంగుమంటుంది, పుచ్చిన కొయ్య బొద్దుగా పలుకుతుంది. అనుమానం ఉన్నచోట సన్నని కత్తి మొన గుచ్చి చూస్తాడు. తర్వాత మేకులు, బోల్టులు. ఇనుప మేకు తుప్పుపట్టి చుట్టూ ఉన్న కొయ్యను నల్లగా మాడ్చేస్తుంది. రాగి మేకు అలా చేయదు. ఆ కాలపు నౌకాదళపు లాంచీలను సాధారణంగా టేకు పలకలతో కట్టేవారు. టేకులో నూనె ఉంటుంది గనుక చెమ్మను తట్టుకుంటుంది. పాతికేళ్లు బురదలో ఉన్నా టేకు పడవను కాపాడవచ్చని పనివాళ్లు అనడం అందుకే. ఆ టేకులో ఎక్కువభాగం మన పొరుగు దేశం బర్మా అడవులదే.

పుచ్చిన పలకను తీసేసి కొత్తది వేయాలంటే దానికి ఆవిరి పట్టి, వేడిగా ఉండగానే పడవ వంపుకు తగ్గట్టు వంచాలి. చల్లారితే వంగదు, విరుగుతుంది. పలకల మధ్య సందుల్లో నార దట్టించి, పైన తారు పూయాలి. ఇంత చేసినా మొదటిసారి నీళ్లలోకి దించినప్పుడు పడవ కారుతుంది. ఏళ్ల తరబడి ఎండిపోయిన పలకలు నీళ్లు తాగి ఉబ్బి, ఒకదానికొకటి బిగుసుకునేవరకు కొన్ని రోజులు పగలూ రాత్రీ నీళ్లు తోడుతూనే ఉండాలి. కొత్తవారు ఆ కారడం చూసి పని చెడిందని భయపడతారు. తెలిసినవారు తోడుతూ కూర్చుంటారు. పౌలు ప్రయాణం చేసిన ఓడను తుఫానులో తాళ్లతో చుట్టూ బిగించిన సంగతి అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయంలో మనం చదువుతాం. పలకలు విడిపోకుండా పట్టి ఉంచడమే దాని ఉద్దేశం. నావలు మారినా కొయ్య గుణం మారలేదు.

లైటోలర్ దంపతులు ఆ లాంచీని అలాగే పూర్వపు రూపంలో నిలపలేదు. కుటుంబం అందులో ఉండి ప్రయాణం చేయడానికి వీలుగా ఇంజనుతో నడిచే విహార నావగా మార్చుకున్నారు. 52 అడుగుల పడవను 58 అడుగులకు పొడిగించారు. లోపల గదులు ఏర్పడ్డాయి. ఆవిరి యంత్రం స్థానంలో పెట్రోలు, కిరసనాయిలుతో నడిచే 60 గుర్రాల శక్తిగల ఇంజను పెట్టారు. కొన్నేళ్ల తర్వాత దాన్ని తీసి 72 గుర్రాల డీజిల్ ఇంజను బిగించారు. తెరచాప కొయ్యలు కూడా ఉండేవి.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. బాయిలరు చాలా బరువైనది, పడవ అడుగున కూర్చుంటుంది. దాన్ని తీసేస్తే పడవ తేలికై పైకి లేస్తుంది. పైన గదులు కడితే బరువు మీదికి చేరుతుంది. అడుగు బరువు తగ్గి, పై బరువు పెరిగితే పడవ ఒరుగుతుంది. ఎక్కడ ఎంత బరువు వేయాలో, ఏ వైపుకు ఎంత ఒరిగితే తిరిగి నిలబడగలదో లెక్క చూసుకోకుండా ఇలాంటి మార్పు చేసినవాడు మునుగుతాడు. పడవను సొంతంగా మార్చుకున్నవాడికి ఆ లెక్క కాగితం మీద కాదు, కాళ్లకింద తెలుస్తుంది.

1930 జూన్‌లో పడవ నీళ్లలోకి దిగింది. సిల్వియా దానికి సండౌనర్ అని పేరు పెట్టారు. ఆమె దేశపు పల్లెల్లో సూర్యుడు అస్తమించే వేళకు, పని చేయడానికి పొద్దు మిగలనప్పుడు వచ్చి, తిండికీ పడకకూ ఆశపడే దేశదిమ్మరిని అలా పిలుస్తారు. బురదలోంచి తెచ్చిన పడవకు, ఉద్యోగం పోయిన నావికుడికి ఆ పేరు బాగానే సరిపోయిందని మాకనిపిస్తుంది. ఆ తర్వాత పదేళ్లు పిల్లలతో, మిత్రులతో ఐరోపా తీరాల వెంబడి వారు తిరిగారు. ఆ పదేళ్లలో ఒకేసారి ఆ పడవ మోసిన ఎక్కువ జనం 21 మంది.

1940 మే నెల

రెండవ ప్రపంచ యుద్ధం మొదలైన మొదటి రోజుల్లోనే ఆ ఇంటి చిన్న కొడుకు బ్రయన్ చనిపోయాడు. అతడు విమానదళంలో పైలట్. 1939 సెప్టెంబరు 4న జర్మనీ ఓడరేవు మీద బాంబులు వేయడానికి వెళ్లి తిరిగిరాలేదు. అంతకుముందు ఇంట్లో ఉన్నప్పుడు, విమానం ఓడ మీదికి ఎలా దూకుతుంది, ఏ క్షణంలో ఓడ పక్కకు తిరిగితే తప్పించుకోవచ్చు అనే విషయాలు తండ్రీకొడుకులు మాట్లాడుకునేవారట.

1940 మే నెలలో జర్మనీ సైన్యాలు ఫ్రాన్సు మీద పడినప్పుడు బ్రిటిషు, ఫ్రెంచి, బెల్జియం సైనికులు లక్షల సంఖ్యలో డన్‌కర్క్ రేవు చుట్టూ చిక్కుపడ్డారు. వెనుక శత్రువు, ముందు సముద్రం. మే 26 ఆదివారం నాడు జార్జి రాజు కోరిక మేరకు ఇంగ్లాండు అంతటా చర్చిల్లో జాతీయ ప్రార్థనా దినం జరిగింది. ఆ సాయంకాలమే సైన్యాన్ని దాటించే పని మొదలైంది. సముద్రం ఆ రోజుల్లో అసాధారణంగా నెమ్మదించి ఉన్నదని చూసినవారు చెప్పారు. మన బోధకులు ఈ భాగాన్ని ఇష్టంగా చెబుతారు, అది సరైనదే. అయితే నెమ్మదించిన సముద్రం మీద తేలడానికి కూడా కారని పడవలు కావాలి కదా.

డన్‌కర్క్ తీరం చాలా దూరం లోతు లేని ఇసుక. పెద్ద ఓడలు ఒడ్డుకు రాలేవు. సైనికులు రొమ్ములోతు నీళ్లలో వరసలు కట్టి గంటలకొద్దీ నిలబడ్డారు. అందుకే చేపల పడవలు, ఏటి లాంచీలు, విహార నావలు, నదిలో మంటలార్పే పడవ కూడా, సుమారు 700 చిన్న నావలు ఈ పనిలో పాల్గొన్నాయి. ఆ తీరంలో మన దేశం నుంచి వెళ్లినవారు కూడా ఉన్నారన్నది ఎక్కువమందికి తెలియదు. 1939 డిసెంబరులో కంచరగాడిదల దళాలు నాలుగు ఇండియా నుంచి ఫ్రాన్సుకు చేరాయి. వారిలో ఎక్కువమంది పంజాబు ముస్లిం రైతుబిడ్డలు. ఒక దళం శత్రువుకు చిక్కింది. మిగతావారిని ఇంగ్లాండు చేర్చారు, జంతువులను మాత్రం వదిలి రావలసివచ్చింది.

మే 30 సాయంకాలం లైటోలర్‌కు నౌకాదళ కార్యాలయం నుంచి టెలిఫోను వచ్చింది. సండౌనర్‌ను రామ్స్‌గేట్ రేవుకు తెచ్చి అప్పగించాలని, అక్కడినుంచి నౌకాదళపు మనుషులు తీసుకువెళతారని చెప్పారు. తన పడవను డన్‌కర్క్‌కు ఎవరైనా తీసుకువెళితే అది తానేనని ఆయన జవాబిచ్చారు. అప్పుడాయన వయస్సు 66. తోడు పెద్ద కొడుకు రోజర్, స్కౌట్ దళంలో పనిచేసే జెరాల్డ్ ఆష్‌క్రాఫ్ట్ అనే 18 ఏళ్ల కుర్రవాడు. రెండవ కొడుకు ట్రెవర్ సైన్యంలో ఉండి డన్‌కర్క్ వైపే చిక్కుపడ్డాడన్న బెంగ కూడా తండ్రికి ఉంది. (అతడు అప్పటికి రెండు రోజుల ముందే మరో ఓడలో క్షేమంగా చేరాడు. తండ్రికి ఆ సంగతి తెలియదు.)

పనికిరాని సామానంతా తీసేశారు. తెరచాప కొయ్యలు దించేశారు. జూన్ 1 ఉదయం పది గంటలకు రామ్స్‌గేట్ నుంచి బయలుదేరారు. విమానాల దాడికి అది చాలా చెడ్డ రోజు. ఆ ఒక్క రోజులోనే బ్రిటిషు డిస్ట్రాయర్లు మూడు మునిగాయి. దారిలో వెస్టర్లీ అనే ఒక చిన్న పడవ ఇంజను చెడిపోయి మండుతూ కనిపించింది. అందులో ఐదుగురున్నారు. ఆ పడవనిండా పెట్రోలు. అయినా సండౌనర్ దాని పక్కకు వెళ్లి ఐదుగురినీ ఎక్కించుకొంది. వాళ్లు తప్పించుకొచ్చిన డన్‌కర్క్‌కే తిరిగి వెళ్లవలసివచ్చింది!

విమానాలు మీదికి దూకినప్పుడల్లా బ్రయన్ చెప్పిన సంగతులే తండ్రికి ఆధారమయ్యాయి. తొందరపడి పడవను ముందే తిప్పితే విమానం కూడా తిరుగుతుంది. అది ఇక దారి మార్చుకోలేని క్షణం దాకా ఆగి, అప్పుడు చుక్కాని పూర్తిగా పక్కకు కొట్టాలి. బాంబులు, గుండ్లు పక్కన నీళ్లలో పడేవి. చనిపోయిన కొడుకు మాటలే ఆ మధ్యాహ్నం తండ్రినీ అన్ననూ కాపాడాయి.

130 మంది

రేవులో వూస్టర్ అనే డిస్ట్రాయర్ పక్కన సండౌనర్‌ను ఆపి సైనికులను దించుకోవడం మొదలుపెట్టారు. రోజర్ లోపలికి దిగి వారిని సర్దాడు. అంటే కూర్చోబెట్టడం కాదు, పడుకోబెట్టడం. గదుల్లో, మంచాల మీద, మంచాల కింద, వంట చేసే మూలలో, స్నానపు తొట్టిలో కూడా. బరువు ఎంత అడుగున ఉంటే పడవ అంత నిలకడగా ఉంటుంది. లోపల 75 మంది నిండేసరికి ఇక చోటు లేదు. అప్పుడు డెక్కు మీద మొదలుపెట్టారు. అక్కడ కూడా పడుకోమనే ఆజ్ఞ. పడవ ఎంత లోతుకు దిగుతోందో, ఏ పక్కకు బరువు తూగుతోందో కాళ్లకింద గమనిస్తూ, ఇక ఒక్కడు ఎక్కినా ప్రమాదమన్నచోట లైటోలర్ ఆపేశారు. మొత్తం 130 మంది.

21 మందికి మించి ఎన్నడూ ఎక్కని పడవ అది. 65 మంది పట్టే పడవను సగం కూడా నింపకుండా దించిన మనిషే ఆయన. ఈ రెండు లెక్కలను పక్కపక్కన పెట్టి చూసినప్పుడు మేము చాలాసేపు ఆగిపోయాం. ఆయన ధైర్యం పెరిగిందనుకోవడానికి లేదు. 1912 లోనూ ఆయన పిరికివాడు కాడు. ఆయన ఆ రాత్రిని తలచుకొని ఇలా చేశారని చెప్పడానికి కూడా మాకు ఆధారం లేదు. కాని ఒక తేడా మాత్రం కళ్లకు కడుతుంది. టైటానిక్ పడవలు ఇంకెవరో కట్టి, ఇంకెవరో పరీక్షించి, ఓడకు తగిలించినవి. సండౌనర్‌ను పలక పలకా విప్పి బిగించిన ఇల్లు ఆయనది. అది ఎంత మోస్తుందో ఆయనకు తెలుసు.

తిరుగు ప్రయాణంలో కూడా విమానాలు వెంటపడ్డాయి. పెద్ద ఓడలు వేగంగా పోతూ లేపిన అలలు నీటి అంచుదాకా దిగిన ఆ పడవను ఊపేశాయి. రాత్రికి రామ్స్‌గేట్ చేరుతుండగా అసలు ప్రమాదం వచ్చింది. ఒడ్డు కనిపించిన ఆనందంలో డెక్కు మీది సైనికులు ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. పడవ భయంకరంగా ఒక పక్కకు ఒరిగిపోయింది. లైటోలర్ వారందరినీ అరిచి మళ్లీ పడుకోబెట్టారు. లోపలివారిని తాను చెప్పేవరకు కదలవద్దన్నారు. ఇరవై ఎనిమిదేళ్ల క్రితం బోర్లాపడిన పడవ మీద ఎడమకు, కుడికి అని చెప్పి మనుషులను నిలిపిన గొంతే అది.

సైనికులు ఒకరి తర్వాత ఒకరు దిగుతూనే ఉంటే రేవులో లెక్కచూస్తున్న నౌకాదళపు మనిషి నోరు తెరిచాడట, ఇంతమందిని ఎక్కడ పెట్టావయ్యా అని. ఆ పడవలో ఉన్నవారిలో ఒక్కరి ప్రాణం కూడా పోలేదు.

లైటోలర్ మళ్లీ వెళ్లాలనుకున్నారు గాని, అప్పటికి వేగం తక్కువైన పడవలను పంపడం మానేశారు. జూన్ 4 నాటికి మొత్తం 3,38,226 మంది దాటారు.

యుద్ధం మిగిలిన సంవత్సరాల్లో సండౌనర్ నౌకాదళం చేతిలో తీరంవెంట కాపలా పడవగా పనిచేసింది. 1945 మార్చిలో, యుద్ధం ముగియడానికి రెండు నెలలు కూడా లేవనగా, ఫ్రాన్సు తీరంలోని గ్రాన్‌విల్ దగ్గర రోజర్ కూడా చనిపోయాడు. ఐదుగురు పిల్లల్లో ఇద్దరు కొడుకులు పోయారు.

యుద్ధం తర్వాత లైటోలర్ లండన్ శివార్లలో థేమ్స్ నది ఒడ్డున చిన్న పడవల కార్ఖానా నడిపారు. నదిలో తిరిగే పోలీసులకు లాంచీలు కట్టి ఇచ్చేవారు. 1952 డిసెంబరు 8న, లండన్‌ను విషపు పొగమంచు కమ్మిన రోజుల్లో, గుండెజబ్బుతో ఆయన కన్నుమూశారు. సండౌనర్ ఆ తర్వాత చేతులు మారి, చివరకు రామ్స్‌గేట్ రేవులో ఓడల మ్యూజియం వారి సంరక్షణకు వచ్చింది. 130 మంది దిగిన ఊరు అదే.

ఒక్క సంగతి చెప్పి ముగిస్తాం. యుద్ధపు పని ముగిసి పడవ ఆయన చేతికి తిరిగి వచ్చింది. 1940 జూన్ 1న చుక్కాని దగ్గరకూ లోపలి గదులకూ మధ్య తిరిగిన రోజర్ లేడు. 1946లో, 72 ఏళ్ల వయస్సులో, లైటోలర్ ఆ పడవను రెండవసారి బాగుచేయించి నీళ్లలోకి దించారు. చనిపోయేవరకు ఆయనా సిల్వియా దాన్ని వాడుకున్నారు.